చిలుము వదిలిన నాణెం

మాస్టారు పోయారని మొన్న కాకినాడ నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. నిద్రలోనే వెళ్లిపోయారట. బహ్రెయిన్‌లో ఉన్నప్పుడు, ఈసా టౌన్‌లో మా పక్కవాటా ఆయనది. బళ్లో చరిత్ర చెప్పేవారు. ఇంటికొస్తే రోమన్ల కంచు నాణేలే లోకం. మనామా పాతబజారులో ఏరుకొచ్చిన పచ్చటి చిలుము బిళ్లలు.

"రాజు దగ్గర ఏది లేదో అదే నాణెం మీద కొట్టిస్తాడయ్యా" అనేవారు. సైన్యాలు కొట్టుకు చస్తుంటే, కలిపిన చేతుల బొమ్మ వేయించేవారట.

కువైట్ యుద్ధం రేపో మాపో అన్నట్టున్న జనవరి అది. కిటికీ అద్దాలకు టేపులు అంటించుకుని కూర్చున్నాం. రేడియో మాత్రం భయం లేదు, భయం లేదనే అంటోంది. మా ఆవిడకు ఏడో నెల. ఉంచాలో పంపాలో తేలక నాకు అన్నం సహించేది కాదు.

మాస్టారు ఒక నాణెం తెచ్చి చేతిలో పెట్టారు. ఒకవైపు చక్రవర్తి తల, రెండోవైపు స్తంభానికి ఆనుకున్న స్త్రీ.

"ఈవిడ అభయదేవత. సింహాసనం ఊగుతున్నప్పుడు కొట్టించాడీయన. అన్నిసార్లు భయం లేదంటున్నారంటే భయపడాల్సిందే. అమ్మాయిని పంపించెయ్. ఇదీ పట్టుకెళ్లమను, అబద్ధమైనా తోడుంటుంది."

ముహర్రక్ విమానాశ్రయం కిక్కిరిసిపోయింది. మా ఆవిడ తనిఖీ వరుసలోకి వెళ్లాక మాస్టారి ముఖం పాలిపోయింది.

"పాత సామాను దేశం దాటనివ్వరయ్యా. నాకు తట్టనే లేదు. ఆపేస్తారు."

అప్పటికే అధికారి, నాణెం పెట్టుకున్న మా ఆవిడ కుంకుమ భరిణె తెరిచాడు. విమానం ఎక్కమని పిలుస్తున్నారు. నేను మాస్టారి చెవిలో చెప్పాను.

"మాస్టారూ, అది మీరిచ్చినట్టు లేదు. దేవుడి దగ్గర పెడతానని పొద్దున చింతపండేసి తోమేసింది."

ఆయన కళ్లు మూసుకున్నారు. "చిలుమంతా పోయిందా?"

"తళతళలాడుతోంది."

అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఏమిటని అడిగాడు. "దేవి, భాయ్" అంది మా ఆవిడ. నిన్నగాక మొన్న చేసిన బిళ్లలా ఉంది మరి. భరిణెలో పడేసి "యల్లా" అంటూ ముందుకు పొమ్మన్నాడు.

"అన్ని వందల ఏళ్ల చిలుము" అన్నారు మాస్టారు, కళ్లు తుడుచుకుంటూ. "పోతే పోయిందిలే. పిల్ల గట్టెక్కింది."

పాప ఊళ్లో క్షేమంగా పుట్టింది. ఇప్పుడు దాని కూతురే రెండో తరగతి. ఆయన రుణం నేను తీర్చుకోలేదు, తీరేదీ కాదు.

మా ఆవిడ ఇప్పటికీ ప్రతి శుక్రవారం ఆ నాణేన్ని చింతపండుతో తోముతుంది. ఫోన్ వచ్చిన రోజు నేనూ చేతిలోకి తీసుకుని చూశాను. చక్రవర్తి తల ఎప్పుడో అరిగిపోయింది. ఆ తల్లి ముఖమూ అరిగిపోయింది. ఆవిడ ఆనుకున్న స్తంభం మాత్రం ఇంకా వేలికి తగులుతోంది.