గోడలు లేని దర్వాజ

1989 ఫిబ్రవరిలో గృహనిర్మాణ విభాగం వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా నన్ను కొల్లాపూర్ దగ్గరి ఒక పునరావాస కాలనీకి పంపారు. మొదటి ఇంటికి ముగ్గు పోసిన రోజు, అంటే పునాది గీతలు సున్నంతో నేల మీద గుర్తించిన రోజు, అక్కడ ఉన్నవారు: లబ్ధిదారు బాలమ్మ, కడుపుతో ఉన్న ఆమె కోడలు, జహంగీర్ మేస్త్రి, నేను. ఉన్నవి: టేపు, మూలమట్టం, సున్నపు డబ్బా, ఒక మూల కురిసే గుడిసె, ప్లాటు నడుమ తలుపుతో సహా నిలబెట్టిన పాత టేకు ద్వారబంధం, వాళ్ల మాటలో దర్వాజ. దానికి అటూ ఇటూ గోడ లేదు.

డ్యాం కట్టాక కృష్ణ నీళ్లు ఊరిని ముంచక ముందు దాన్ని పీకి తెచ్చుకున్నారు. బాలమ్మ మామ మాత్రం రాలేదు. తలుపు పీకిన ఇంట్లోనే కూర్చున్నాడనీ, మళ్లీ ఎవరికీ కనపడలేదనీ చెప్పారు.

నేను టేపు పట్టుకొని దర్వాజ పక్క నుంచి నడిచాను.

“గోడలకెళ్లి వస్తున్నవేంది సారూ? దర్వాజలకెళ్లి రా,” అంది బాలమ్మ.

మేస్త్రి అప్పటికే చెప్పులు విడిచి గడప దాటాడు. “సార్‌కు గోడ కనవడలే పెద్దమ్మా. కొత్తగదా, జర మాఫ్ చెయ్,” అన్నాడు. నవ్వింది ఆయనొక్కడే.

అందరూ అలాగే నడిచేవారు. లోపల ఊడ్చేటప్పుడు లేని గోడ దగ్గర కోడలి చీపురు ఆగి వెనక్కి తిరిగేది. నేల గదుల ఆకారంలో అరిగి ఉంది.

మా నమూనా నక్షాలో తలుపు రోడ్డు వైపు ఉంది. ఆ దర్వాజ నీళ్ల వైపు చూస్తోంది. మార్చి ఆఖరుకు పునాది లేవకపోతే మంజూరు రద్దవుతుంది. దర్వాజ పీకేయాలని చెప్పాను.

“మా మామ వస్తే యాడికెళ్లి రావాలె?” అంది బాలమ్మ. వెంటనే, “వానలల్ల నా కోడలు గీ గుడిసెల కంటదా సారూ? ఇల్లు గావాలె,” అని కూడా అంది.

మరునాడు పొద్దున వెళ్లేసరికి తలుపు మూసి ఉంది. గొళ్లెం లోపలి వైపు నుంచి వేసి ఉంది. కూలీలతో సహా అందరూ బయట ఎండలో నిలబడ్డారు. బాలమ్మ తట్టింది.

“మామా, నేను బాలమ్మను. తలుపు తియ్యి.”

తలుపు తెరుచుకోలేదు. పక్కకు రెండడుగులు వేస్తే గొళ్లెం చేతికి అందుతుంది. ఎవరూ వేయలేదు. నేనూ వేయలేదు.

“పీకుతమన్నది ఇనవడ్డట్టుంది,” అన్నాడు మేస్త్రి. ఈసారి నవ్వలేదు.

నక్షా మార్చే అధికారం అసిస్టెంట్ ఇంజనీరుది. లబ్ధిదారు పాత సామాను వాడుకోవడానికి నిబంధన ఉంది కాబట్టి, రోడ్డు తలుపు అలాగే ఉంచి, వెనక కిటికీకి బదులు ఆ దర్వాజను ఉన్నచోటే ఉంచి దాని చుట్టూ గోడ కట్టడానికి ఆయన అనుమతి అడిగాను. ఆయన సంతకం చేస్తూ, లోపల ఎవరున్నారయ్యా అని మాత్రం అడిగారు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

తిరిగి వచ్చి బాలమ్మకు చెప్పాను. ఆమె తలుపుకు నోరు ఆనించి అదే మాట మెల్లగా లోపలికి చెప్పింది. మేము కాలనీ చివర చాయ్ తాగి వచ్చేసరికి తలుపు తెరిచి ఉంది. ఎవరు తీశారని నేను విచారించలేదు.

పునాది గడువులోపే లేచింది. కాన్పు కొత్తింట్లో అయింది. మిగతా లబ్ధిదారులు గడ్డివాముల కింది నుంచి తమ పాత దర్వాజలు తీసుకొచ్చి ఇదే ఏర్పాటు అడిగారు. పునరావాస గ్రామంలో నక్షా పరిచే ముందు, పాత ఊరు ఏ దిక్కున ఉందో అడగాలని నేను నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా అడుగుతూనే ఉన్నాను.

ఆ కాలనీలో కట్టిన ఇళ్లు ముప్పై ఎనిమిది. తలుపులు డెబ్బై ఆరు.