మొండయ్య నందివర్ధనం

మొండయ్య నేసే చీరకు కొలత తప్పదు గానీ, చెప్పే మాటకు కొలతే లేదు. వాకిట్లో ఉన్న నందివర్ధనం గురించయితే మరీనూ. ఏడాది పొడవునా పచ్చగా ఉండే ఆ పొదకు, పడుగుకు పెట్టగా మిగిలిన గంజిని పల్చగా కలిపి పోస్తాడు. ఎండుపుల్ల కనిపిస్తే గోటితో గిల్లేస్తాడు. మగ్గం దిగాక మంటపుట్టే కళ్లమీద తడిపిన పూలు పెట్టుకుని, అరుగుమీద వెల్లకిలా పడుకుని కోతలు మొదలెడతాడు. “మొన్న నా పొదల బర్రె సొచ్చింది. ఈనినంక దూడ అరిస్తె గని దొరకలే!”

నక్సలైట్ అన్నల కోసం సిరిసిల్లలో పోలీసులు ఇల్లిల్లూ వెతుకుతున్న రోజులవి. ఆ మాట చాయ్ హోటల్ దాటి ఠాణాకు చేరింది. జమేదారు ఓ కానిస్టేబుల్ చేత గొడ్డలి పట్టించుకుని మరీ వచ్చాడు.

“బర్రె దాగితె మనిషి దాగడా? కొట్టేయిస్త.”

“ఉత్త కోతలు సారూ! బక్క చెట్టు, పిల్లి గూడ దాగది.”

“అయితె నువ్వే సొచ్చి కూసో. కనవడకుంటె కొట్టుడే.”

మొండయ్య దూరాడు. ఆకులు ఒళ్లంతా కప్పేశాయి. తన చెట్టు నిజంగానే ఇంత చిక్కనిదా అని లోపలే పొంగిపోయాడు. ఇంతలో “గొడ్డలి తేరా” అన్న మాట వినబడింది. గబుక్కున ఒక కాలూ, ధోవతి కొంగూ బయటికి చాపాడు. చూడ్డానికి మూగిన వాడకట్టంతా గొల్లున నవ్వింది. జమేదారు కూడా నవ్వి వెళ్లిపోయాడు.

“నీ బర్రె ఏడవోయిందే, మొండన్నా?” అంది ఎదురింటి రాజవ్వ.

మొండయ్య అందరూ లోపలికి పోయేదాకా ఆగి, కొమ్మ దగ్గరికి వంగి మెల్లగా అన్నాడు:

“ఆళ్ల ముందట బక్కదానివన్న. మనసుల వెట్టుకోకు.”