డ్రమ్ములో రెండో బుడగ

నాలుగేళ్లుగా ఒక బుడగను మోస్తున్నాను. బుడగకు బరువేముంటుందని మీరనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను, మోసి చూసేదాకా.

కోయిలకుంట్లలో నాది రేడియేటర్లు బాగుచేసే షెడ్డు. పనికంటే మాటలెక్కువని నాకు పేరు. జోకు వేస్తాను, ఎవరూ నవ్వరు, నేనే నవ్వుకుని చిల్లుకు సీసం కరిగించి మాటు వేస్తాను. ఓబులేసు పెద్దాయన ఒక్కడే నవ్వేవాడు. ముప్పై ఏళ్లు లారీ తోలిన మనిషి. ఒక్కనాడూ ఇంజను కాగనివ్వలేదని గర్వం. నవ్వితే భుజాలు ఊగేవి, చివర్లో దగ్గొచ్చేది. ఆ దగ్గుదాకా తెప్పిస్తే ఆ రోజు నేను గెలిచినట్టే.

ఒకనాడు తన పాత కారు తెచ్చాడు. రేడియేటరు పైనుండే ఇత్తడి ట్యాంకు చెమ్మగిల్లి, కూలెంటు పచ్చటి మరక కట్టింది. మా పద్ధతి ఒకటే. రేడియేటరు విప్పి, గొట్టాల దారులన్నీ మూసి, నీళ్ల డ్రమ్ములో ముంచి గాలి కొడతాం. బుడగ వచ్చిన చోట చిల్లు. మాటు వేశాక మళ్లీ ముంచి బండి మనిషికి చూపిస్తాం. బుడగ రాకపోతేనే బండి ఇంటికి.

చిల్లు దొరికింది. రుద్ది, యాసిడ్ పూసి, మాటు వేశాను. మళ్లీ ముంచాను. మాటు గట్టిగానే ఉంది. కానీ వెనక అతుకు కింద, సూది మొనంత చోటునుంచి, ఇంకో బుడగ తీరిగ్గా బయల్దేరింది. పెద్దాయన నా జోకుకు దగ్గుతూ కళ్లు తుడుచుకుంటున్నాడు. నేను అరచెయ్యి అడ్డం పెట్టాను.

ఎందుకు? బద్ధకమని చాలాకాలం చెప్పుకున్నాను. బద్ధకస్తుణ్ననుకోవడంలో ఎంత సుఖముందో. నిజమేమిటంటే, అంతా మూసేస్తే మళ్లీ ఎందుకొస్తాడు? కొంచెం కారుతూ ఉంటే వారానికోసారి చూపించుకోవడానికొస్తాడు, ఆ పాత టైరు మీద కూర్చుంటాడు, నవ్వుతాడు. మనిషిని టీకి రమ్మని పిలవడం చేతకాక ఇంత ఇంజనీరింగు చేశాను.

వచ్చాడు. ఆరు వారాలు వచ్చాడు. పాత బండి కొంచెం నీళ్లు తాగుతుందిలే అని చెప్పి పంపేవాణ్ని. ఏడో వారం కూతురినీ మనవరాలినీ ఎక్కించుకుని కర్నూలు పోతూ, మా షెడ్డు దగ్గర ఆపి, కొళాయి నీళ్లు తనే పోసుకున్నాడు. కూతురూ మనవరాలూ బండిలో నిద్రపోతున్నారు. నేను చూస్తూనే ఉన్నాను. ఓర్వకల్లు రాళ్లగుట్టల దగ్గర, నడి ఎండలో, ఆ రెండో చిల్లులోంచి నీళ్లన్నీ పోయి, బండి ఆవిరి కక్కి ఆగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. తండ్రి నీళ్లు పోయడం మరిచిపోయాడనుకుంది కూతురు. వయసు మీద పడిందని తాళాలు తీసేసుకుంది. బండి అమ్మేసి, ఆయన్ను కడపకు తనింటికి తీసుకుపోయే ఏర్పాటు చేసింది.

పోయే ముందు బస్సెక్కి నా దగ్గరికి వచ్చాడు. టైరు మీద కూర్చోలేదు.

"ఏమప్పా, ఆ పొద్దు ఈడనే నీళ్లు పోసినట్టు గుర్తుండాది. నువ్వు చూసినావు కదా?"

"నేను సూళ్లేదు పెద్దాయనా."

"అట్లయితే మరిచిపోయింటాలే."

నిజం చెబుదామనే నోరు తెరిచాను. జోకొచ్చింది. "పేరన్నా గుర్తుండాదా? అది చాల్లే."

నవ్వలేదు. కాసేపు ఆలోచించాడు. "ఓబులేసు," అన్నాడు మెల్లగా, సరిచూసుకుంటున్నట్టు.

టైరు ఇంకా అక్కడే ఉంది. వాన పడితే దోమలు చేరతాయి. అవీ నవ్వవు. బయట ఏ కారు ఆగినా ముందు దగ్గు కోసం చెవి పెడతాను. కడపలో ఆయన తలుపు వేశానా, పొయ్యి ఆర్పానా అని లేచి రెండోసారి చూసుకుంటున్నాడేమో. ఆ రెండోసారి నా చలవే.

చెబితే ఆయన మతి ఆయనకు దక్కుతుంది. నాకు మాత్రం నవ్వే మనిషి పోతాడు. ఎప్పుడో కడపకు పోయిన మనిషిని పోగొట్టుకుంటానని ఇంకా భయపడుతున్నానంటే, మతి చూపించుకోవాల్సింది ఎవరు?

ఆయనకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. మీ ముందు మాత్రం అరచెయ్యి తీస్తున్నాను. ఆ పొద్దు ఆయన నీళ్లు పోశాడు. నిండా పోశాడు.