పాత కస్టమర్ల రేటు

నాచారంల ఒక మెడికల్ షాపు మీది అంతస్తుల నాకో కంప్యూటర్ సెంటర్ ఉండేది. ఫ్యాక్టరీల్ల పనిజేసేటోళ్ల ఆడపిల్లలు టైపింగు, అకౌంట్స్ నేర్చుకునెతందుకు వచ్చేటోళ్లు. చుట్టుపక్కల సెంటర్లన్నీ దొంగ కాపీలతోనే నడిచేటియి. నేను మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్ అసలుదే కొన్న. సదువు చెప్పే జాగల దొంగ సరుకేందని నా పట్టుదల. మా ఆయన సుత నవ్విండు.

కొన్నేండ్లకు కొత్త వర్షన్ వచ్చింది. ఉప్పల్‌ల మాకు అమ్మిన డీలరు సెంటర్‌కొచ్చి కూసున్నడు. కోస్తా దిక్కాయన, మాట మెత్తగుంటది. పాతదాన్ని కంపెనీ ఇగ పట్టించుకోదని, పాత కస్టమర్లకు అప్‌గ్రేడ్ రేటు పెట్టిన్రని చెప్పిండు. సూస్తే అది కొత్తగ కొనే రేటుకు ఇంచుమించు దగ్గర్నే ఉంది. కొత్త కంప్యూటర్ కొన్నోళ్లకైతే దాంతోపాటే పైసల్లేకుంట వస్తదట.

"అంటే నిన్నమొన్న వచ్చినోళ్లకు ఊకెనే, మొదట్నుంచి ఉన్నోళ్లకు రేటు. గంతేనా అన్నా?" అని అడిగిన.

ఆయన తల దించుకున్నడు. "రేటు నేను పెట్టింది కాదు మేడమ్. అయినా మీరు ఇది వదిలేసి ఎక్కడికెళ్తారు? వాళ్లకీ ఆ సంగతి తెలుసు."

రేటైతే ఓర్సుకుంటుంటినేమో. ఈమె యాడికి పోతదిలే అన్న ధీమాను మాత్రం ఓర్వలేకపోయిన.

ఒక కంప్యూటర్ పత్రికతోని వచ్చిన సీడీల ఎవరైనా ఊకెనే వాడుకునే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండె. ఆదివారాలు కూసొని నేనే ఎక్కించిన. మొదట ప్రింటర్ పలకలే. తెలుగు అక్షరాలు చెదిరిపోయినయి. ఏడుపొచ్చింది గాని వదల్లే. అకౌంట్స్ ప్రోగ్రాం దీంట్ల నడవదని రెండు మిషన్లు పాతదాంతోనే ఉంచి, మిగిలినయన్నీ మార్చిన.

ఆఫీసుల్ల వాడేది నేర్పుతలేనని ఒక తండ్రి బిడ్డను మాన్పించిండు. ఆయన ఎనక ఇంకొందరు పోయిన్రు. ఆ యేడు అద్దె మా ఆయన ఓవర్‌టైంతోని ఎల్లింది. ఆయన మల్ల నవ్వలే.

అప్పుడు డీలరు ఫోన్ జేసి, పాతోళ్లకు రేటు బాగా తగ్గించిన్రని సంబరంగ చెప్పిండు.

"గింత తగ్గించే వీలున్నోళ్లు మొదలే ఎందుకు తగ్గియ్యలే?" అన్న.

ఇగ ఫోన్ పెట్టేసిన.

సెంటర్ పెద్దగయితే కాలే, మూత సుత పడలే. పీర్జాదిగూడ నుంచి వచ్చే ఒక పిల్లకు దవాఖానాల రిసెప్షన్ నౌకరి దొరికింది. ఏ సాఫ్ట్‌వేర్ వచ్చని ఇంటర్వ్యూల అడిగిన్రట. "ఏది పెట్టినా నడుపుత సార్" అన్నదట.