ఒకే చీర కట్టిన ఆరుగురు

ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో, సమ్మె నడుస్తుండగా, సిద్దిపేట దీక్షా శిబిరంలో తాడుకు వేలాడిన ఆ పేరు లేని బొమ్మల కథ గీసింది నేనే.

అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. క్లాసులో హాజరు పిలిస్తే పలకడానికి కూడా నాకు గొంతు పెగిలేది కాదు. పక్కనున్న అమ్మాయి నా బదులు "ఉన్నది మేడం" అనేది. పగలంతా మింగిన మాటలు సాయంత్రం డైరీలో రాసుకునేదాన్ని. రాతకు కూడా లొంగనివి పేజీ అంచుల్లో బొమ్మలయ్యేవి. మా ఇంట్లో సందడి ఎక్కువ. అందుకని పక్కింటి పెద్దవ్వ వాకిట్లో, ఆమె పొయ్యి పక్కన కూర్చుని రాసుకునేదాన్ని. పెద్దవ్వ ఒళ్ళో చేట పెట్టుకుని బీడీలు చుడుతూ ఉండేది. ఏం రాస్తున్నావని ఏనాడూ అడగలేదు.

ఒకరోజు గ్రంథాలయంలో దినపత్రికల మధ్య ఒక పలచని పుస్తకం దొరికింది. బొమ్మల కథలంటే ఎక్కడో దూరాన, పెద్ద కంపెనీల రంగుల యంత్రాల్లోంచి వస్తాయని నా నమ్మకం. ఇది చూస్తే జిరాక్స్ కాగితాలను మధ్యకు మడిచి రెండు పిన్నులు కొట్టిన పుస్తకం. ఒక పేజీలో సిరా మరక అలాగే ఉంది. లారీ డ్రైవరు మీద ఒక కథ, హాస్టల్ అన్నం మీద ఒక కథ. అందులోని మనుషులు మా గల్లీలో మాట్లాడినట్టే మాట్లాడుతున్నారు. వెనక అట్ట మీద హైదరాబాదు చిరునామా, కింద చేతిరాతతో "మీ ఊరి కథ గీసి పంపండి" అన్న మాట. ఎవరినీ అడగకుండా మనుషులు తమ పుస్తకాలు తామే చేసుకోవచ్చని నాకు ఆ రోజే తెలిసింది. ఆ రెండు పిన్నుల్నీ వేలితో తడుముతూ చాలాసేపు కూర్చున్నాను.

నేను గీసింది ఒకటే పేజీ, ఆరు గడులు. బీడీలు చుట్టే ఒక ఆడమనిషి నిద్ర లేస్తుంది. వాకిలి ఊడుస్తుంది. బీడీలు కట్టలు కడుతుంది. కట్టెల మోపు ఎత్తుకుంటుంది. వంటావార్పు నాడు, నిరసనగా నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి అన్నం వండుతుంది. చివరి గడిలో, లాఠీ పక్కన పెట్టి కూర్చున్న పోలీసుకు వడ్డిస్తుంది. అన్ని గడుల్లోనూ ఉన్నది ఆమేనని తెలియాలని ఒకే గళ్ళ చీర గీశాను. మాటల బుడగలు లేవు. నాకు రాని మాటలు ఆమెకు మాత్రం ఎక్కడి నుంచి తేను? పేరు రాయకుండా పోస్టు డబ్బాలో వేసి, వెనక్కి చూడకుండా వచ్చేశాను.

సమ్మె మొదలయ్యాక మా గల్లీ ఆడవాళ్ళకు శిబిరంలో కూర్చునే వంతు వచ్చింది. చేతులు ఆపితే ఇల్లు గడవదు కాబట్టి అందరూ చేటలతోనే వచ్చారు. పెద్దవ్వ చేట నేను పట్టుకున్నాను. టెంటు కింద తునికాకు, తంబాకు వాసన కమ్ముకుంది.

మధ్యాహ్నం హైదరాబాదు నుంచి పొట్టి జుట్టు అక్క ఒకామె దిగింది. భుజాన సంచీ, సంచీలో ఆ పిన్నుల పుస్తకాలు. వాటిని వేసేది తనేనని చెప్పి, టెంటు గుంజలకు తాడు కట్టి, బట్టలు ఆరేసే క్లిప్పులతో పేజీలను ఒక్కొక్కటే తగిలించింది. మూడోది నాది. నా చేతి గీత ఎండలో, గాలిలో, నలుగురి ముందు ఊగుతోంది. పేజీ నాదే అయినా మొదటిసారి చూస్తున్నట్టుంది.

మొదట నోరు విప్పింది ఎదురింటి ముస్లిం ఆమె, మేమంతా ఖాలా అని పిలిచేది. "అరే, గీ ఇంట్ల ఆరుగురు ఆడివిల్లలున్నట్టున్నరు. ఒక్కతీరు చీరెలు."

"పండుగకు వాళ్ళ బాపు ఒక్కటే తాను తెచ్చి అందరికి కోసిచ్చిండు కావచ్చు," అంది ఇంకొకామె. "మా నాయిన గట్లనే చేస్తుండె. జాతరల తప్పిపోతే దొరకవడ్తరని."

పెద్దవ్వ లేచి దగ్గరకు వెళ్ళింది. పొయ్యి ఉన్న గడి ముందు కాసేపు ఆగింది. తర్వాత ఒక్కొక్కరినీ వేలితో చూపించింది. "ముందుగాల లేసింది పెద్దది. ఊడ్చేటిది రెండోది. గీ మోపు ఎత్తుకున్నది మొండిది, ఎవ్వల మాట ఇనది. గీ పోలీసాయనకు పెట్టేది శిన్నది. దానికి భయం తెల్వది."

ఆ మాటలు విని అక్క నవ్వుతూ వచ్చింది. "ఆరుగురు కాదమ్మా. అంతా ఒక్కామెనే. ఒకదాని తర్వాత ఒక పని చేస్తుంది, అంతే."

చేటల్లో చేతులు ఆగాయి.

"ఒక్కామెనా?" అంది ఖాలా. "గిన్ని పనులు ఒక్కామె ఎట్ల చేస్తది?"

"నువ్వు చేస్తలేవా? పొద్దుగాల లేసినప్పటి సంది ఏడనన్న కూసున్నవా?" అంది పక్కనున్నామె.

"గీడ కూసున్న గద, దీక్షల."

"కూసోని చేసేది ఏంది మరి, బీడీలు కాదా?"

అందరూ ఘొల్లున నవ్వారు. పెద్దవ్వ మాత్రం నవ్వలేదు. "ఒక్కామెనే అయితే గామె పానం ఏమైతది బిడ్డా? ఆరుగురే. మంచిగ చూడు."

అక్క నిజంగానే మళ్ళీ చూసింది. నేనూ చూశాను. ఒక్క మనిషినే గీశానని నాకు తెలుసు. అయినా ఆ క్షణంలో గడుల గీతలు గోడల్లా కాక గడపల్లా కనిపించాయి. ఒక్కో గడపలోంచి ఒక్కో ఆడమనిషి రోడ్డు మీదికి వస్తోంది. వంటావార్పు రోజున నేను కళ్ళారా చూసింది అదే కదా, రోడ్డు పొడవునా పొయ్యిలే. నాకు తెలియకుండా నా చెయ్యి దాన్ని గీసింది. నాకంటే ముందు వీళ్ళు చదివారు.

అక్క అందరినీ అడగడం మొదలుపెట్టింది. "కవరు మీద సిద్దిపేట ముద్ర తప్ప ఏం లేదు. వీటన్నిటినీ కలిపి పెద్ద పుస్తకం వేస్తున్నం. గీసినవాళ్ళ పేర్లు అట్ట మీద ఉంటయి. పోంగనే ప్రెస్సుకు ఇవ్వాలె. ఎవరన్నా ఎరుకేనా?"

నా పేరు అట్ట మీద. గ్రంథాలయంలో ఎవరో ఆ పిన్నులు తడుముతూ నా పేరు చదువుతారు. నేనే అక్కా, అంటే చాలు. మనసులో ఎన్నిసార్లో అన్నాను. ఒకసారి పెదవులు కూడా కదిలాయి. ఆమె నా ముందుకే వచ్చి, "నువ్వు చదువుకున్న పిల్లలెక్క ఉన్నవ్, నీకు తెలుసా?" అంది. నా తల దానంతట అదే అడ్డంగా ఊగింది.

బయట జీపు హారను కొట్టింది. సమ్మెతో బస్సులు లేవు, అది పోతే ఆమెకు ఇంకో దారి లేదు. పేజీలు విప్పి సంచీలో పెట్టుకుంటుంటే, పెద్దవ్వ చేటలోంచి తల ఎత్తకుండానే అంది. "ఊరి పేరు ఎయ్యి. గామె గీడనే ఉంటది. ఇంకోటి పంపుతది తీ."

"నీకెట్ల తెలుసు పెద్దమ్మా?"

"చూస్తున్న గద."

అక్క ఒక నిమిషం ఆమెనే చూసి, నా పేజీ కింద పెన్సిలుతో 'సిద్దిపేట' అని రాసుకుంది. జీపు వెళ్ళిపోయింది. గుంజలకు ఉత్త తాడు మిగిలింది. నాకు ఏడుపొచ్చింది. ఊరంత పేరు దొరికినా నా పేరు నేనే పోగొట్టుకున్నట్టు అనిపించింది.

పొద్దు గూకుతుండగా చేట మోసుకుని ఆమె వెంటే నడిచాను. పెద్దవ్వ వాకిట్లో ఎప్పటిలాగే ఆ పొయ్యి ఉంది. రెండు రాళ్ళు, మూడో వైపు సగం విరిగిన ఇటుక. నేను గీసిన పొయ్యికీ మూడో వైపు ఆ సగం ఇటుకే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. పెద్దవ్వ పుల్లలు ఎగదోసి, పొగకు కళ్ళు చిట్లించి, నా చేతిలోని చేట అందుకుంటూ ఆ రోజుకు చివరిమాట అంది:

"మల్ల గీసినప్పుడు ఆరుగురికి ఆరు తీర్ల చీరెలు కట్టియ్యి బిడ్డా. అక్క ఎవలో చెల్లె ఎవలో గుర్తువడ్తలేరు."