పొడి తవుడు

గడియారాలు బాగుచేసే దుకాణం మూతపడ్డాక ఆయన చేతికి మిగిలిన పని పిండిపురుగుల పెంపకం ఒక్కటే. రెక్క విరిగిన మైనాకు మేత కోసమని మొదలుపెట్టాడు. పొద్దున్నే వంటింటి బల్ల మీద వెడల్పాటి డబ్బా పెట్టి, తవుడు జల్లించి, చచ్చి నల్లబడ్డవాటిని గడియారాల సన్న పట్టకారుతో ఏరేస్తాడు. వాటి దాహానికి వేసిన నిన్నటి క్యారెట్ ముక్కను బొటనవేలితో నొక్కి చూసి, మెత్తబడితే తీసేస్తాడు. తడి తగిలితే బూజు పడుతుందని ఊపిరి కూడా పక్కకు తిరిగి వదులుతాడు. మైనా పోయి నాలుగు నెలలైనా ఈ పనికి ఒక్క పూట నాగా పెట్టలేదు.

మొన్న జ్వరమొచ్చి మూడు రోజులు మంచం దిగలేదు. ఆయనతోనే ఉండే అక్క శుభ్రానికి పెట్టింది పేరు. పాపం, తమ్ముడి బదులు తనే డబ్బాను తడిగుడ్డతో తుడిచి, ఆ తడి ఆరకముందే తవుడంతా తిరిగి పోసి, మూత బిగించింది. నాలుగో రోజు ఆయన మూత తీసేసరికి ముక్కిన వాసన గుప్పుమంది. తవుడు పచ్చగా గడ్డకట్టింది. పట్టకారు తీసుకుని కూర్చున్నాడు.

"తినే పిట్టే లేదు కదరా, ఇంకా ఎవరి కోసంరా ఈ చాకిరీ?" అంది అక్క, ఆయన మొహంలోకి చూడలేక.

"పిట్ట లేదని వాటికెవరు చెప్తారక్కా?"

మధ్యాహ్నానికి కదిలేవి ఏడు దొరికాయి. వాటిని పొడి తవుడులోకి మార్చి, అలవాటుగా క్యారెట్‌ను వేలెడు ముక్క కోయబోయి ఆగాడు. కత్తి జరిపి, గోరంత కోశాడు.