మిల్లు మోటారూ, పంచాయతీ రేడియో

చోడవరం పంచాయతీకి రేడియో వచ్చిన కొత్తలో దాన్ని చూసుకునే పని నా నెత్తిన పడింది. బజారులో రేడియోలు బాగుచేసే కొట్టు నాదొక్కటే మరి. రేడియో ఆఫీసు గదిలో ఉండేది. అక్కణ్ణించి పొడవాటి తీగ లాగి, వీధి చివర స్తంభానికి లౌడ్‌స్పీకరు కట్టేరు. ఆ తీగ బియ్యం మిల్లు గోడని రాసుకుంటూ పోయేది. అదే నా ఖర్మ.

సరిగ్గా సాయంత్రం వార్తల వేళకే మిల్లాయన మోటారు వేసేవాడు. వేసేడంటే చాలు, స్పీకర్లో పేలాలు వేపుతున్నట్టు చిటపటలు. జనం మోటారుని వదిలి నన్ను తిట్టేవారు.

రేడియో పక్కన నిలబడి వింటే మాట శుభ్రంగానే ఉంది. గోలంతా దారిలో తీగలోకి దూరుతోంది. మిల్లాయన దగ్గరికెళ్లి, "బాబాయ్, నీ మోటార్లో నిప్పురవ్వలు లేస్తన్నాయి. వార్తలయ్యేదాకా ఆపకూడదా?" అన్నాను.

"నా మోటారు కొత్తదిరా. నీ రేడియోకి దగ్గొస్తే నా మోటారికి మందెయ్యమంటావేటి?" అన్నాడు.

తీగని వేరే వీధిలోంచి తిప్పుదామంటే, స్తంభాలెక్కడివని ప్రెసిడెంటు గారు కస్సుమన్నారు.

పోతే పోనీ అనుకునేవాణ్ణే. కానీ నాకు చదువు చెప్పిన మేష్టారు ఉండేవారు. చూపు మందగించి పేపరు చదవలేక, రోజూ కర్ర పొడుచుకుంటూ వచ్చి స్పీకరు కిందే కూర్చునేవారు. ఆయన తిట్టేవారు కారు. వార్తలయ్యేక, "ఇందాక తుఫాను ఏ వైపన్నాడు నాయనా?" అని మెల్లగా అడిగేవారు. నాకు మాత్రం వినపడితే కదా!

ఆలోచిస్తే ఒక ఉపాయం తట్టింది. తీగలో వచ్చే మాట నిదానంగా ఊగే కరెంటు. మోటారు గోల మరీ వేగంగా వణికే కరెంటు. స్పీకరు ముందు తీగకి ఒక రాగి చుట్ట కలిపి, అడ్డంగా ఒక కండెన్సరు పెడితే, ఆ వణుకుని చుట్ట ఆపుతుంది, దాన్ని దాటొచ్చిన వణుకుని కండెన్సరు పక్కదారి పట్టిస్తుంది. కొట్లో ఉన్నవాటిలోకెల్లా పెద్ద కండెన్సరు తీసుకుని నిచ్చెనెక్కేను.

చిటపటలు ఒక్కసారిగా పోయాయి. "శెభాష్" అన్నారు ప్రెసిడెంటు గారు. నా సంబరం వ్యవసాయం కార్యక్రమం దాకానే.

బుచ్చయ్యపేట నుంచి వచ్చిన చెరకు రైతు ఒకాయన లేచి నిలబడ్డాడు. "సెరుక్కి పేగులేటి బాబూ?" అన్నాడు.

తెగులు! రేడియోలో అన్నది తెగులు. కండెన్సరు మరీ పెద్దదై గోలతోపాటు మాటలోని పదును కూడా మింగేసింది. త అన్నా ప అన్నా ఒకటే మోత. సకారం అసలు వినపడదు. గొంగడి ముసుగేసుకుని మాట్లాడుతున్నట్టుంది. ఇంతసేపూ శెభాష్ అన్న ప్రెసిడెంటు గారే, "దీనికన్నా ఆ గోలే నయం కదయ్యా" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు సాయంత్రం చిన్న కండెన్సర్లు జేబులో పోసుకుని మళ్లీ ఎక్కేను. ఒకటి తీయడం, ఇంకోటి పెట్టడం. కింద జనం తలో మాట. "ఇప్పుడు బాగుంది." "బాగునేదు." "ముందరిదే పెట్టీ." ముందరిది ఏదో నాకే గుర్తులేదు. ఎవరి చెవి వాళ్లదే. చివరికి విసిగిపోయి, "మీరంతా నోర్ముయ్యండి, మేష్టార్ని చెప్పనివ్వండి!" అని నిచ్చెన మీంచే అరిచేను.

మేష్టారు తల వంచుకుని విన్నారు. ఇంకోటి మార్చేను. అప్పుడు చెయ్యెత్తి, "అదుంచు నాయనా. గోల కొంచెం ఉంది, ఉండనీ. మాట తెలుస్తోంది," అన్నారు. దాన్నే బిగించేసి, వాన తగలకుండా డబ్బాలో పెట్టి దిగేను.

ఆ సాయంత్రం వార్తలు అయ్యేక మేష్టారు నన్నేమీ అడగలేదు. ఆయనే పక్కనున్న ముసలాయనకి తుఫాను ఒరిస్సా వైపు తిరిగిందని వివరంగా చెబుతూ, ఆయన భుజం పట్టుకుని ఇంటికెళ్లేరు. వాళ్లు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

వెనకనించి మిల్లాయన వచ్చేడు. "సూసేవా? తప్పు నీ తీగలోనే ఉంది. ఇన్నాళ్లూ నా మోటార్ని ఆడిపోసుకున్నావు," అన్నాడు.

నేను నిచ్చెన భుజాన వేసుకున్నాను. ఆయనకి చెప్పే ఓపిక నాలో మిగల్లేదు.